కథ ఎంతవరకు వచ్చింది?

మా ఊళ్లో చలికాలానికీ పుస్తకానికీ ఉన్న చుట్టరికం మన బ్యాచ్ వాళ్లం కలిసి చదువుకున్న బడి కన్నా పాతది. కార్తీకం వస్తే కార్తీక పురాణం, రోజుకో అధ్యాయం చొప్పున ముప్పై అధ్యాయాలు. ధనుర్మాసంలో తిరుప్పావై, రోజుకో పాశురం చొప్పున ముప్పై. మాఘంలో మాఘ పురాణం, అదీ ముప్పై అధ్యాయాలే. మధ్యలో కొన్ని రోజులు వదిలేస్తే దీపావళి మర్నాటి నుంచి శివరాత్రి దగ్గరపడే దాకా ప్రతి ఇంట్లో ఏదో ఒక పుస్తకం నడుస్తూనే ఉండేది.

మా నాయనమ్మకి చదవడం రాదు. తెల్లారకుండానే కాలవకి వెళ్లి తలకి పోసుకుని వచ్చేది. తడిజుట్టు ముడేసుకుని, దీపం పెట్టి, "ఊఁ, చదవ్వే" అనేది. ఇంకా నిద్రమత్తులో ఉన్న నేను దుప్పటి కప్పుకునే చదివేదాన్ని. రాజమండ్రి గొల్లపూడి వారు అచ్చేసిన పుస్తకం, అట్ట మీద పసుపు మరకలు. ఒక పేజీ ఎగ్గొడితే పట్టేసేది. ఏటా వింటుంది కదా, చదువు రాకపోయినా ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో ఆవిడకి తెలుసు. రేవులో ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు "మీ ఇంట్లో ఎన్నో అధ్యాయం అయింది?" అని అడుక్కునేవాళ్లు. ఒకరోజు వెనకబడినవాళ్లు కాస్త చిన్నబోయేవాళ్లు కూడా.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఎనిమిదో తరగతిలో మనకి కొత్తగా వచ్చిన తెలుగు మాస్టారు చేసిన పని మన ఊరికి పూర్తిగా కొత్తదేమీ కాదని నాకు తర్వాతెప్పుడో తట్టింది. ఆయన వచ్చింది నవంబరులో, గ్రంథాలయ వారోత్సవాల ముందు. పద్నాలుగు నుంచి ఇరవై దాకా వ్యాసరచన, వక్తృత్వం, ప్రైజుగా ఒక నీతికథల పుస్తకం, ఎప్పుడూ జరిగే తంతే. మాస్టారు ఆ తంతు జరగనిచ్చి, అది అయిపోయాక అసలు సంగతి మొదలుపెట్టారు.

శనివారం మొదటి పీరియడ్ ఆయనదే. గదిలో చలిగా ఉందని అందరినీ బయటికి తీసుకొచ్చి, సైన్స్ గది గోడ వారగా ఎండలో కూర్చోబెట్టేవారు. ఒక్కొక్కరూ లేచి, ఇప్పుడు ఏ పుస్తకం చదువుతున్నారో చెప్పాలి. చదివేసిన పుస్తకం చెప్పకూడదు. ఎంతవరకు చదివారో అంతవరకే చెప్పి కూర్చోవాలి. "ఈ కథలో నీతి ఏమిటంటే" అని ఎవరైనా మొదలుపెడితే, "నీతి తర్వాత చూద్దాం లేమ్మా, కథ ఎంతవరకు వచ్చింది?" అని ఆపేసేవారు. పరీక్షల్లో సారాంశం రాసి రాసి అలవాటైన మనకి ఇది మొదట్లో మింగుడుపడలేదు. సగంలో ఉన్నదానికి సారాంశం ఏముంటుంది?

కానీ సగంలో ఆపడంలోనే ఉంది కిటుకంతా. కథ మొత్తం చెప్పేస్తే ఆ పుస్తకం ఎవడికీ అక్కర్లేదు. సగంలో ఆపితే ఇంటర్వెల్లో దాని కోసం కొట్టుకునేవాళ్లం.

కాలవ అవతలి నుంచి బల్లకట్టు మీద వచ్చే అమ్మాయి ఒకతి ఉండేది, గుర్తుందా? క్లాసులో నోరెత్తేది కాదు. ఒక శనివారం ఆమె వంతు వచ్చింది. ఐత్మాతొవ్ రాసిన 'తొలి ఉపాధ్యాయుడు' చదువుతున్నానంది. సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన తెలుగు పుస్తకం. కిర్గిజియాలో ఒక కొండపల్లె, అక్కడికి దూయిషేన్ అనే కుర్రాడు బడి పెట్టడానికి వస్తాడు. ఆయనకే చదువు అంతంతమాత్రం. దారిలో వాగు. చలికాలంలో ఆ నీళ్లలో కాలు పెడితే కొరికేస్తున్నట్టు ఉంటుంది. దూయిషేన్ ఒక పిల్లని వీపు మీద, ఇంకొకరిని చేతుల్లో ఎత్తుకుని, ఉత్తి కాళ్లతో ఆ వాగు దాటిస్తాడు. గుర్రాల మీద పోయేవాళ్లు చూసి నవ్వుతారు. అక్కడిదాకా చెప్పి, "ఇంతవరకే అయింది సార్" అని కూర్చుంది. ఆ పిల్ల రోజూ నీళ్లు దాటి బడికి వస్తుందని మనందరికీ తెలుసు. మాస్టారు కూడా కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ పుస్తకం నా చేతికి వచ్చేసరికి సంక్రాంతి సెలవులు వచ్చేశాయి. నా ముందు చదివినవాళ్లు ఎవరూ మిగతా కథ నాకు చెప్పలేదు. చెప్పకూడదన్నది అప్పటికే మర్యాద అయిపోయింది.

నవ్వులు 'బారిస్టర్ పార్వతీశం' రోజున. చెప్పినవాడు మన క్లాసు లీడరు. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి పార్వతీశం మొగల్తూరు నుంచి ఇంట్లో చెప్పకుండా బయల్దేరి, మద్రాసులో దొరల టోపీ అనుకుని దొరసానుల టోపీ కొనుక్కుంటాడు. వాడు అది చెబుతూ తను కట్టుకొచ్చిన మఫ్లర్ తీసి తలకి చుట్టి చూపించాడు. పక్క క్లాసు లెక్కల మాస్టారు కిటికీలోంచి తొంగిచూసి విసుక్కునేంత గోల. ఓడ ఎక్కాక ఏమైందని ఎంత బతిమాలినా వాడు చెప్పలేదు. నిజానికి వాడు ఇంకా ఓడ దాకా వెళ్లలేదట!

అందరూ పేరున్న పుస్తకాలే చదివారని కాదు. చందమామలో బేతాళ కథలు చెప్పినవాళ్లు ఉన్నారు. ఆ చందమామని 1947లో నాగిరెడ్డి గారితో కలిసి మొదలుపెట్టిన చక్రపాణి గారు, తర్వాత దశాబ్దాల పాటు దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావు గారు, ఇద్దరూ మన తెనాలి వాళ్లేనని మాస్టారు గర్వంగా చెప్పేవారు. యండమూరి సీరియల్ చెప్పిన అమ్మాయిలూ ఉన్నారు. మా అమ్మ వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు విప్పదీసి, సూదీ దారంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసి దాచేది. మధ్యలో ఒక వారం సంచిక దొరక్కపోతే అక్కడ కథలో ఒక గొయ్యి. అలాంటి పుస్తకమే నేను తెచ్చి చెప్పాను, గొయ్యితో సహా. ఆ గొయ్యిలో ఏం జరిగి ఉంటుందో ఊహించి రాయమని మాస్టారు అందరికీ ఇంటిపని ఇచ్చారు. నన్నడిగితే ఆ ఏడాది మనకి వచ్చిన మంచి ఇంటిపని అదొక్కటే.

పుస్తకాలు ఎక్కడివంటే, శాఖా గ్రంథాలయం. మన ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతాయని, అంటే ఆ పుస్తకాలు మన డబ్బుతో కొన్నవేనని మాస్టారు చెప్పాకే మేం అక్కడికి ధైర్యంగా వెళ్లడం మొదలుపెట్టాం. పుస్తకం వెనక అంటించిన కాగితం మీద ఊదారంగు తేదీ ముద్రలు. చివరి ముద్ర ఎప్పుడో ఏళ్ల కిందటిదైతే, ఇన్నాళ్లకి నన్ను తీశారని అది సంతోషిస్తుందని మన బ్యాచ్‌లో ఒకడు అనేవాడు. డిటెక్టివ్ నవలల సంగతి మాత్రం అడక్కండి. హంతకుడెవరో ఎవరో మహానుభావుడు మొదటి పేజీలోనే పెన్సిల్‌తో రాసిపెట్టేవాడు.

మాస్టారు చెప్పిన సంగతుల్లో నాకు బాగా ఇష్టమైనది పడవ గ్రంథాలయం. 1935లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు పుస్తకాలు పడవకెక్కించి, కాలవ మీద కొల్లూరుకీ పెదవడ్లపూడికీ మధ్య తిప్పించారు. రేవు రేవుకీ పడవ ఆగేది, జనం పుస్తకాలు మార్చుకునేవాళ్లు. మా నాయనమ్మని అడిగాను, నువ్వు చూశావా అని. "పడవల్లో ధాన్యం చూశా, కొబ్బరికాయలు చూశా. పుస్తకాలేమోనమ్మా, నాకేం తెలుసు" అంది. తర్వాత కాసేపటికి, "అందులో కార్తీక పురాణం ఉండేదా?" అని అడిగింది.

కోతలైపోయి కుప్పలు వేశాక కళ్లంలో రాత్రి కాపలా ఉండేది. మగపిల్లలు నాన్నలతో పాటు వెళ్లి గడ్డిలో పడుకునేవాళ్లు. లాంతరు వెలుగులో చదువుతుంటే పక్కన చలి కాగుతున్నవాళ్లు "ఏంట్రా అబ్బాయ్ అది, మాకూ చెప్పు" అనేవాళ్లట. అలా 'కాంచనద్వీపం' మా ఊరి కళ్లంలో కొన్ని రాత్రులు నడిచింది. స్టీవెన్‌సన్ నవలకి నండూరి రామమోహనరావు గారి తెలుగు. ఒంటికాలి సిల్వర్ అంటే మా పాలేరు పెద్దాయనకి ఎంత ఇష్టమంటే, వాడు దొంగని తెలిశాక కూడా వాడి పక్షమే వహించాడు.

పదో తరగతిలో జనవరి మొదట్లో మాస్టారు మమ్మల్ని పాసింజర్ ఎక్కించి విజయవాడ పుస్తక మహోత్సవానికి తీసుకెళ్లారు. 1989లో మొదలైన పండగ అది, అప్పటికి ఇంకా కొత్త. దుమ్ము, మైకులు, వేరుశనక్కాయలు. విశాలాంధ్ర వాళ్ల స్టాలులో సోవియట్ పుస్తకాలు గట్టి అట్టతో, మన జేబుకి అందే ధరకి దొరికేవి. ఒకడు పెరెల్మాన్ భౌతికశాస్త్రం కొన్నాడు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో అందులోంచి ఒక్కో ప్రశ్న అడిగి మా బుర్రలు తినేశాడు. వాడే ఇప్పుడు ఫిజిక్స్ లెక్చరర్. 1991తో సోవియట్ యూనియనూ పోయింది, ఆ పుస్తకాలూ రావడం మానేశాయి. ఇంట్లో ఉన్నవి ఎవరూ పాతసామాన్ల వాళ్లకి వెయ్యకండి దయచేసి.

ఇప్పుడు మన బ్యాచ్ వాళ్లం మళ్లీ కార్తీకంలో మొదలుపెట్టి సంక్రాంతి దాకా, చదువుతున్నది చెప్పుకుంటున్నాం. షరతు పాతదే, సగంలో ఉన్నదే చెప్పాలి. టొరంటోలో ఉన్నావిడ కిటికీ అవతల మంచు చూపించి, ఇక్కడ చలికాలం అంటే ఇదీ అని మనల్ని వెక్కిరిస్తూ ఉంటుంది. వాళ్లమ్మకి చూపు తగ్గింది. అందుకని రోజూ ఫోన్లో ఒక అధ్యాయం చదివి వినిపిస్తోందట. బల్లకట్టు అమ్మాయి ఇప్పుడు టీచరు. ఆమె ఇప్పుడు 'నరావతారం' చదువుతోంది, మనిషి పుట్టుక గురించి నండూరి వారు రాసిన పుస్తకం. అందులో మనిషి ఇంకా నిటారుగా నిలబడలేదు. నేను 'వేయిపడగలు' నాలుగోసారో అయిదోసారో మొదలుపెట్టాను. ఎంతవరకు వచ్చిందని మాత్రం ఇంకో నెల దాకా అడక్కండి.

కనుమ మర్నాడు బళ్లో కలుస్తున్నాం కదా. హెడ్మాస్టరు గారు లైబ్రరీకి ఒక గది ఇస్తామన్నారు. తలా ఒకటో రెండో పుస్తకాలు తెండి. కథలు, నవలలు, పిల్లలవి, సైన్సు, ఏవైనా సరే. పోటీపరీక్షల గైడ్లు మాత్రం వద్దు, అవి ఇప్పటికే రెండు బీరువాల నిండా ఉన్నాయి. సీరియల్ కుట్టిన పాత పుస్తకాలు ఎవరింట్లో ఉన్నా తీసుకురండి, గోతులున్నా ఫరవాలేదు.