మూడు వందల మీటర్లు

పోయినేడు నాన్న ఆబ్దికం సంక్రాంతి వెళ్ళిన వారానికి పడింది. ముందు రోజు రాత్రి నాకు డ్యూటీ. ఉదయం ఎనిమిదింటికి దిగి, గన్నవరం నుంచి నేరుగా ఉయ్యూరు వెళ్ళాలని అనుకున్నాను. అన్నయ్య హైదరాబాద్‌లో పొద్దున్నే మొదటి విమానం ఎక్కి, ఏడింటికల్లా ఇక్కడ దిగుతానన్నాడు. దిగాక ఇద్దరం కలిసి వెళ్ళాలని మాట.

నాది గన్నవరం ఎయిర్‌పోర్టులో వాతావరణ పరిశీలన ఉద్యోగం. అరగంటకోసారి గాలి ఎటునుంచి ఎంత వేగంతో వీస్తోంది, ఎంత దూరం కనిపిస్తోంది, మేఘం ఎంత ఎత్తులో ఎంత మేర ఉంది, ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలి ఎంతకి చల్లబడితే అందులోని తేమ నీటి బొట్లవుతుందో ఆ అంకె), పీడనం చూసి ఒక వరుసలో రాసి పంపిస్తాం. దాన్ని మెటార్ అంటారు. ప్రపంచంలో ఎక్కడి పైలట్ అయినా చదవగలిగేలా దాదాపు అన్ని దేశాలకూ ఒకే పద్ధతి. మా ఇంట్లోవాళ్ళకి ఇన్నేళ్ళయినా "వర్షం పడుతుందో లేదో చెప్పే ఆఫీసు" అనే తెలుసు. ఆ పొద్దున జరిగింది రాస్తే నా పనేంటో కాస్త తెలుస్తుందని ఇది మొదలుపెట్టాను.

రాత్రి ఒంటిగంటన్నరకి బయటికొస్తే ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఒక్క మేఘం లేదు, ఆకు కదలడం లేదు. ఎవరికైనా అది హాయిగా నిద్రపట్టే రాత్రి. మాకు మాత్రం జనవరిలో అలాంటి రాత్రి అంటేనే టెన్షన్. మేఘం ఉంటే నేల వేడిని దుప్పటిలా పట్టి ఉంచుతుంది. మేఘం లేకపోతే వేడంతా పైకి పోయి నేల చల్లబడిపోతుంది. దానికి ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. మా వైపు తేమకి కొదవ లేదు. ఒకపక్క ఏలూరు కాలువ, ఇంకోపక్క రైవస్ కాలువ. వరి కోసేశాక తడి ఆరని మాగాణుల్లో మినుము మొలకెత్తి ఉంటుంది. ఆ తేమంతా చల్లబడ్డ గాలిలో సన్నటి నీటి బొట్లయి నేల మీదే నిలబడిపోతుంది. గాలి వీస్తే చెదిరిపోతుంది, వీయకపోతే అలాగే ఉంటుంది.

ఒంటిగంటన్నరకి ఉష్ణోగ్రత 20, డ్యూ పాయింట్ 18. మూడింటికి 19, 18. ఈ రెండు అంకెలూ ఒకదానికొకటి దగ్గరవుతుంటే మా కళ్ళు వాటి మీదే ఉంటాయి. నాలుగున్నరకి రెండూ 18 అయ్యాయి. హైవే మీద లారీల లైట్లు అప్పటిదాకా విడివిడిగా కనిపించేవి, పసుపు మరకల్లా అయిపోయి, తర్వాత అవీ పోయాయి. విజిబిలిటీ, అంటే కనిపించే దూరం, 3,000 మీటర్ల నుంచి 1,500కి, ఐదున్నరకి 500కి పడింది.

ఇది ఊహించనిది కాదు. ముందు రోజు సాయంత్రమే ఫోర్‌కాస్ట్‌లో ఉంది. ఒక ఎయిర్‌పోర్టులో రాబోయే గంటల్లో వాతావరణం ఎలా ఉండబోతోందో చెప్పేదాన్ని టాఫ్ అంటారు. దాన్ని తయారుచేసేది నేను కాదు, పెద్ద ఆఫీసులో కూర్చునే ఫోర్‌కాస్టర్లు. మేం అరగంటకోసారి పంపే అంకెలు, తెల్లవారుజామున ఐదున్నరకీ సాయంత్రం ఐదున్నరకీ గాల్లోకి వదిలే బెలూన్లు తెచ్చే లెక్కలు, శాటిలైట్ బొమ్మలు అన్నీ ముందు పెట్టుకుని రాస్తారు. తెల్లవారుజామున పొగమంచుతో విజిబిలిటీ 500 మీటర్లకి తగ్గొచ్చని అందులో రాశారు.

ఆ ఒక్క వాక్యం ఏం చేస్తుందో చాలామందికి తెలియదు. విమానంలో గమ్యం దాకా సరిపడా ఇంధనం మాత్రమే పోసుకుని బయలుదేరడం కుదరదు. అక్కడ దిగలేకపోతే ఇంకో ఎయిర్‌పోర్టుకి వెళ్ళేంత ఉండాలి. ఆపైన జెట్ విమానమైతే 1,500 అడుగుల ఎత్తులో మరో 30 నిమిషాలు తిరిగేంత ఉండాలి, దాన్ని ముట్టుకునే పరిస్థితి రాకూడదు. ఇది కాక, పొగమంచు విడుస్తుందేమోనని పైన తిరుగుతూ ఎదురుచూడాలంటే దానికి వేరే ఇంధనం. ఊరికే ఎక్కువ పోసుకుందామంటే ఆ బరువు మోయడానికీ ఇంధనమే ఖర్చవుతుంది. ఎంత పోసుకోవాలన్నది డిస్పాచరూ (నేల మీద నుంచి విమాన ప్రయాణాన్ని ప్లాన్ చేసే మనిషి) కెప్టెనూ బయలుదేరే ముందు ఈ టాఫ్, మెటార్ చదివే తేల్చుకుంటారు. "వాతావరణం వాళ్ళు చెప్పింది ఎప్పుడు నిజమైంది గనక" అని ఎవరైనా అన్నప్పుడు నాకు కష్టంగా ఉంటుంది. పొగమంచు రావచ్చని రాసిన రోజున అది రాకపోతే కొంత బరువు అదనంగా మోసినట్టు, అంతే. రాయకుండా వస్తే, పైన ఉన్నవాళ్ళకి వేరే ఊరు వెళ్ళే దారి తప్ప ఇంకే వెసులుబాటూ ఉండదు.

ఆరు దాటాక ఫోన్ మోగింది. ఏ విమాన సంస్థ అన్నది ఇక్కడ అనవసరం. "మేడమ్, హైదరాబాద్‌లో ఫ్లైట్ బయలుదేరబోతోంది. మా కౌంటర్ దగ్గర నుంచి చూస్తే బానే కనిపిస్తోంది. విజిబిలిటీ ఎనిమిది వందలు ఇవ్వడానికి వీలవుతుందేమో ఒక్కసారి చూడండి" అన్నారు. ఆ గొంతులో దురుద్దేశం లేదు. ఎదురుగా నూటయాభై మంది నిలబడి అరుస్తుంటే ఎవరైనా అలాగే అడుగుతారు. "చూసి ఇస్తానండీ" అని పెట్టేశాను.

బయటికెళ్ళాను. రెయిలింగ్ మీద చెయ్యి పెడితే అరచేయి తడిసిపోయింది. కళ్ళద్దాలు మసకేస్తుంటే కొంగుతో తుడుచుకున్నాను. రన్‌వే పక్కన పరికరాలు ఉన్నా, మనిషి బయటికొచ్చి కళ్ళతో చూడటం నాకు నేర్పిన పద్ధతి. రన్‌వే అంచున వేసే లైట్ల మధ్య దూరం 60 మీటర్లకు మించకూడదని నియమం. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదోది గుడ్డిగా ఉంది కానీ ఉంది. ఆరోది ఉన్నట్టే అనిపించింది, చూస్తుండగానే పోయింది. రెండు నిమిషాలు అక్కడే నిలబడి మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను. మళ్ళీ ఐదే. ఐదు అరవైలు మూడు వందలు.

అన్నయ్య ఆ విమానంలో ఉన్నాడని నాకు తెలుసు. ఆబ్దికం తిథి ప్రకారం జరగాలి, తిథి మన కోసం ఆగదు. మధ్యాహ్నంలోపు కర్త వచ్చి పీట మీద కూర్చోవాలి. ఇవన్నీ నాకు తెలిసే, లోపలికెళ్ళి 300 అని రాశాను. గాలి సున్నా, విజిబిలిటీ 300 మీటర్లు, పొగమంచు, 18, 18.

మామూలు ఐఎల్‌ఎస్ (దిగే విమానానికి రేడియో సంకేతాలతో దారి చూపే ఏర్పాటు) ఉన్న రన్‌వే మీద దిగాలంటే కనీసం 550 మీటర్లు రన్‌వే కనిపించాలి. ఢిల్లీలో 50 మీటర్లకే దింపుతారు కదా, ఇక్కడెందుకు దింపరు అని అడుగుతారు. అక్కడ రన్‌వే మీద దానికి సరిపడే పరికరాలు, లైట్లు ఉన్నాయి. విమానంలో కూడా ఉండాలి, పైలట్‌కి ఆ శిక్షణ ఉండాలి. మూడింట్లో ఏది లేకపోయినా కుదరదు. నేను 800 రాసినంత మాత్రాన ఆరో లైటు వెలగదు. ఆ అంకెను నమ్మి కెప్టెన్ కిందికి దిగి, చివరి రెండు వందల అడుగుల ఎత్తులో తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడక మళ్ళీ పైకి లేవాల్సి వస్తుంది. లేవడం అయినా జరగాలి కదా.

విమానం వచ్చింది. చప్పుడు వినిపిస్తోంది, కనపడటం లేదు. మా నెత్తిమీదే తిరుగుతోంది. ఏడుంపావు, ఏడున్నర. నేను ప్రతి పది నిమిషాలకీ బయటికెళ్ళి లైట్లు లెక్కపెట్టాను. ఒకసారి ఏడు కనిపించాయి. మళ్ళీ నాలుగయ్యాయి. ఎండ పైన ఉంది, పొగమంచు పైపొర పాలమీగడలా మెరుస్తోందే తప్ప కరగడం లేదు. ఏడూ నలభైకి చప్పుడు దూరమైపోయింది. హైదరాబాద్ వెనక్కి వెళ్ళిపోయారు.

పొగమంచు ఒక రకంగా మర్యాదస్తురాలు. వచ్చేముందు చెబుతుంది, నిదానంగా వస్తుంది, కనపడుతుంది. నాకు నిజంగా భయం వేసేది మే నెల సాయంత్రాలు లేచే క్యుములోనింబస్ మేఘం. మా భాషలో సీబీ. దాని కిందినుంచి చల్లటి గాలి ఒక్కసారిగా నేల మీదికి దిగుతుంది. డాబా మీంచి బకెట్ నీళ్ళు ఒక్కసారే కుమ్మరిస్తే నేలకి తగిలి నాలుగువైపులా ఎలా చిమ్ముతాయో అచ్చం అలా. దాంట్లోకి దిగే విమానానికి మొదట ఎదురుగాలి తగులుతుంది, పైకి లేపినట్టుంటుంది. క్షణాల్లో పైనుంచి నొక్కేస్తుంది. వెంటనే వెనకగాలి వచ్చి రెక్కల మీద ఆధారం పోతుంది. 1985 ఆగస్టు 2న అమెరికాలోని డల్లాస్‌లో దిగబోతున్న విమానాన్ని ఇదే పడేసింది. 137 మంది పోయారు. ఆ తర్వాతే అక్కడి ఎయిర్‌పోర్టుల దగ్గర ఈ గాలిని పట్టడానికని ప్రత్యేకంగా డాప్లర్ రాడార్లు పెట్టారు. ఈ రోజు ఒక పైలట్‌కి "విండ్ షియర్ (గాలి ఒక్కసారిగా దిక్కు, వేగం మార్చుకోవడం) ఉంది, జాగ్రత్త" అని కంట్రోల్ టవర్ చెప్పగలుగుతోందంటే వెనక అంతమంది ప్రాణాలున్నాయి.

మన రాష్ట్రంలో పుట్టినవాళ్ళెవరూ మరిచిపోలేని రోజు ఒకటుంది. 2009 సెప్టెంబర్ 2. బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకి బయలుదేరిన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్‌తో తొమ్మిదిన్నర ప్రాంతంలో నల్లమల మీద సంబంధాలు తెగిపోయాయి. మర్నాడు హెలికాప్టర్ పావురాలగుట్ట దగ్గర కనిపించింది. ఐదుగురూ లేరు. విచారణ నివేదికలో ఇతర కారణాలతో పాటు కిందికి దూసుకొచ్చిన బలమైన గాలి ప్రస్తావన ఉంది. ఆ రెండు రోజులూ అందరిలాగే టీవీ ముందు కూర్చుని, నేను ఒకే విషయం ఆలోచించాను. ఎయిర్‌పోర్టులో అయితే అరగంటకోసారి చూసి రాసే మనిషి ఉంటాడు. అడవి మీద ఎవరున్నారు? అక్కడ శాటిలైట్, రాడార్ దూరం నుంచి చూసేదే దిక్కు. అందుకే ఎవరైనా పైలట్ "ఫలానా చోట కుదుపులు గట్టిగా ఉన్నాయి" అని రేడియోలో ఒక్క మాట చెబితే అది మాకు బంగారం. వెనక వచ్చేవాడికి ముందు వెళ్ళినవాడే పరిశీలకుడు.

దారిలో ఉండే పెద్ద ప్రమాదాలకి సిగ్మెట్ అని వేరే హెచ్చరిక ఉంది. ఉరుముల మేఘాల వరుస, తీవ్రమైన కుదుపులు, విమానం మీద మంచు పేరుకోవడం లాంటి వాటికి నాలుగు గంటల దాకా చెల్లుతుంది. తుపానుకీ అగ్నిపర్వతం బూడిదకీ అయితే ఆరు గంటల దాకా. బూడిద మనకెందుకులే అనుకునేవాళ్ళం. 2025 నవంబర్ 23న ఇథియోపియాలో హేలీ గుబ్బి అనే అగ్నిపర్వతం పేలింది. మర్నాడు రాత్రికి ఆ బూడిద గుజరాత్ మీదుగా మన ఆకాశంలోకి వచ్చింది, విమానాలు రద్దయ్యాయి. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఉన్న బూడిద హెచ్చరికల కేంద్రం ఆ మేఘం ఎటు కదులుతోందో ఎప్పటికప్పుడు గమనిస్తూ చెబుతుంటే ఇక్కడ దారులు మార్చారు. బూడిద విమానం ముక్కులో ఉండే రాడార్‌కి కనపడదు. ఇంజిన్‌లోకి వెళితే ఆ వేడికి గాజులా కరిగి లోపల అంటుకుంటుంది. 1982 జూన్ 24 రాత్రి జావా దీవి దగ్గర బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 విమానానికి నాలుగు ఇంజిన్లూ ఆగిపోయింది అందుకే. బూడిద లేని ఎత్తుకి దిగాక ఇంజిన్లు మళ్ళీ స్టార్టయ్యాయి కాబట్టి అందరూ బతికారు. ఆ రాత్రి వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు. ఇప్పుడు ప్రపంచం మొత్తాన్ని తొమ్మిది కేంద్రాలు పంచుకుని కాపలా కాస్తున్నాయి.

ఎనిమిదిన్నరకి అన్నయ్య ఫోన్. "హైదరాబాద్‌లో దిగానే. కారు మాట్లాడుకున్నా. తమ్ముణ్ణి కూర్చోమను, నా కోసం ఆగొద్దు." అంతే అన్నాడు. నేను ఏం చెప్పాలో తెలియక "సరే అన్నయ్యా, నిదానంగా రండి" అన్నాను. తొమ్మిదింటికి పొగమంచు విడిచింది. నేను బస్‌స్టాండ్‌లో నిలబడ్డప్పుడు ఎండ చురుక్కుమంటోంది. పొద్దున అంత జరిగిందని చెబితే ఎవరూ నమ్మరు.

తమ్ముడే పిండాలు పెట్టాడు. అన్నయ్య వచ్చేసరికి రెండున్నర. కాళ్ళు కడుక్కుని నాన్న ఫొటోకి దండం పెట్టుకుని, భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్నాడు. పెరుగన్నం దాకా ఏమీ మాట్లాడలేదు. అప్పుడు అడిగాడు, "మూడు వందలని కెప్టెన్ చెప్పాడు. ఆ అంకె నువ్వు రాసిందేనా?"

"నేనే."

"పైనుంచి ఎంత బాగుందో తెలుసా. ఎండ. కింద అంతా దూది పరిచినట్టు చదునుగా. సెల్ టవర్ల కొసలు మాత్రం బయటికి పొడుచుకొచ్చి కనపడ్డాయి. వాటి కింద ఎక్కడో నువ్వున్నావని అనుకున్నా." కాసేపాగి, "ఆ టవర్లు చూశాక దిగకపోవడమే మంచిదనిపించింది" అన్నాడు.

ఈ ఏడు ముందు రోజు రాత్రే రైలెక్కి వచ్చాడు. నాకు మళ్ళీ నైట్ డ్యూటీనే. తెల్లవారుజామున కొంచెం గాలి వీచింది. ఐదున్నరకి లైట్లు లెక్కపెట్టాల్సిన అవసరం రాలేదు, హైవే మీద లారీలు విడివిడిగా కనపడుతున్నాయి. 4,000 మీటర్లు అని రాసి పంపించాను.