ఆ వంపు వైబీసీఓది కాదు, నాది (నా అనుభవం)

నిన్నే అయింది, గోళ్లలో వైర్లు అతికించే సిల్వర్ పేస్ట్ ఇంకా పోలేదు, మర్చిపోకముందే రాసేస్తున్నా.

పని చెప్పడానికి చిన్నదే, వైబీసీఓ (ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన పదార్థం, బాగా చల్లబరిస్తే రెసిస్టెన్స్ సున్నా అయిపోతుంది, అంటే సూపర్ కండక్టర్) బిళ్లలో ఆక్సిజన్ తగ్గించి చల్లబరుస్తూ రెసిస్టెన్స్ కొలవాలి. బిళ్ల చేయడం సులువే, ఇట్రియం, బేరియం, రాగి 1:2:3, నూరడం, ఫర్నేస్, మళ్లీ నూరడం (మొదటిది పచ్చగా వచ్చింది, అది వేరే ఫేజ్, కరెంటే పోదు, పారేశా). నాలుగు వైర్లు అతికించడానికి వారం.

అసలు కథ తర్వాతే. ఆక్సిజన్ నిండుగా ఉంటే సూపర్ కండక్టర్ అయ్యే 93 కెల్విన్ దగ్గరిదాకా రెసిస్టెన్స్ గ్రాఫ్ స్కేలు పెట్టి గీసినట్టు దిగుతుంది, మామూలు లోహాల లెక్కకి అందని ఆ తీరునే స్ట్రేంజ్ మెటల్ అంటారు. ఆక్సిజన్ తగ్గిస్తే సూపర్ కండక్టర్ అవ్వడానికి చాలా ముందే ఆ గీత కిందికి వంగుతుంది, అక్కడ సూడోగ్యాప్ (ఎలక్ట్రాన్లు ఉండగల కొన్ని స్థితులు సూపర్ కండక్టర్ అవ్వకముందే తగ్గిపోవడం) మొదలైనట్టు. 1989లోనే ఎన్ఎంఆర్‌లో (అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాలు స్పందించే తీరు చూసే పద్ధతి) దీని జాడ దొరికింది, ఎందుకొస్తుందో మాత్రం ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. నాకు 180 కెల్విన్ దగ్గర ఠక్కున వంగింది! ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు, పేపర్‌కి టైటిల్ కూడా అనేసుకున్నా.

గ్రూప్ మీటింగ్‌లో సార్ పెన్ను మూతతో స్క్రీన్ మీద ఆ వంపుని టక్‌టక్ కొట్టి, "నిండు ఆక్సిజన్ బిళ్లలో ఇది లేదుగా?" అన్నారు. కొలవలేదు సార్. "వేడెక్కుతుంటే తీశావా?" లేదు సార్. "మరేం తీశావమ్మా?" జూనియర్లు ఫోన్లలోకి తలలు దించేసుకున్నారు, నవ్వు ఆపుకోడానికే అని నాకు తెలీదా.

కొలిస్తే నిండు బిళ్లలోనూ సరిగ్గా అక్కడే వంపు! రెండ్రోజులు పిచ్చెక్కి, చివరికి లాగ్ బుక్‌లో దొరికింది. టీకి వెళ్లే ముందు బిళ్ల ఉన్న కడ్డీని చల్లబరిచే ద్రవ నైట్రోజన్ వైపు ఒకేసారి జానెడు దింపేసేదాన్ని, అది రోజూ 180 దగ్గరే. థర్మామీటర్ ఒక చోట, బిళ్ల ఇంకో చోట, బిళ్ల ముందు చల్లబడేది, థర్మామీటర్ వెనక. నా టీ టైమే సూడోగ్యాప్ అన్నమాట.

కాబట్టి థర్మామీటర్ బిళ్ల పక్కనే అంటించండి, దిగుతూ ఎక్కుతూ రెండుసార్లూ తీయండి. నైట్రోజన్ మాత్రం పొద్దున్నే తెచ్చుకోండి, మా దగ్గర మూడు సంతకాలు కావాలి, సంతకం పెట్టేవాళ్లు లంచ్ నుంచి వచ్చేలోపు సగం రోజు ఆవిరి.

నిన్న ఆక్సిజన్ తగ్గించిన బిళ్లకి దిగుతూ, ఎక్కుతూ తీసిన రెండు కర్వ్‌లూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వంపు 200 పైనే మొదలైంది, మెత్తగా, ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించలేనంత మెత్తగా. సార్ చాలాసేపు చూసి "ఊ" అన్నారు. తర్వాత, పేస్ట్ డబ్బాకి మూత పెట్టావా అని అడిగారు.