లెస్టర్‌లో మా మొదటి చలికాలం, హీటర్ ఆపేసి ఎలా గట్టెక్కామంటే (నా అనుభవం)

మేం 2022 సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చాం, మా ఆయన ఉద్యోగం మీద. నేను, ఆయన, మూడేళ్ళ బాబు. అద్దెకి దొరికింది పాతకాలం టెర్రస్ ఇల్లు, అంటే వరసగా ఒకదానికొకటి ఆనుకుని ఉండే ఇటుక ఇళ్ళు. వందేళ్ళు దాటిన గోడలు, మధ్యలో ఖాళీ లేని గోడలు, కొత్త ఇళ్ళకి ఆ ఖాళీలో దూదిలాంటిది నింపి వేడి బయటికి పోకుండా ఆపుతారు, వీటికి ఆ వీలు లేదు. ఇల్లు చూసినప్పుడు ఎండ కాస్తోంది, బానే ఉందనుకున్నాం. మాది నరసరావుపేట, మాకు చలంటే సంక్రాంతికి ముందు ఓ రెండు వారాలు తెల్లారగట్ల దుప్పటి ముసుగేసుకోవడం, అంతే.

అక్టోబర్ ఆఖరికి బాబు చేతులు చల్లగా ఐసుముక్కల్లా ఉండేవి. ఇంటికున్న గ్యాస్ బాయిలర్‌తో ఇల్లంతా వేడి చేస్తే గ్యాస్ ఎక్కువ అవుతుందేమో, మనం ఉండే ఒక్క గది వేడి చేసుకుంటే చాలు కదా అని చిన్న ఫ్యాన్ హీటర్ కొన్నాం. రోజూ సాయంత్రం నాలుగు గంటలు పెట్టేవాళ్ళం. కరెంటు, గ్యాస్ కలిపి నవంబర్ బిల్లు 248 పౌండ్లు వచ్చింది. ఆ సీజన్‌లో ప్రభుత్వం ప్రతి ఇంటికీ 400 పౌండ్లు ఆరు నెలలకి పంచి ఇచ్చింది, అందులో 66 పోయాక కూడా 182 కట్టాం. ఆ రాత్రి మా ఆయన ఏమీ మాట్లాడలేదు, ఊరికే బిల్లు ముందుకీ వెనక్కీ తిప్పుతూ కూర్చున్నారు, నాకది ఇంకా గుర్తే.

మర్నాడు బాబుని నర్సరీలో దింపొచ్చి బిల్లు అక్షరం అక్షరం చదివాను. ఆ టైంలో సగటున కరెంటు యూనిట్ 34 పెన్స్ (వంద పెన్స్ ఒక పౌండు), గ్యాస్ యూనిట్ 10.3 పెన్స్. అంటే అదే వేడి కరెంటుతో తెచ్చుకుంటే దాదాపు మూడు రెట్లు. హీటర్ 2 కిలోవాట్లు, గంటకి రెండు యూనిట్లు, 68 పెన్స్. రోజుకి నాలుగు గంటలంటే నెలకి 240 యూనిట్లు, 80 పౌండ్లు పైన ఆ ఒక్క హీటర్‌కే. మనకి ఇండియాలో గ్యాస్ అంటే సిలిండర్, వంటకి, కరెంటుతో పోల్చి చూసే అలవాటే ఉండదు, అందుకే అది మాకు తట్టలేదు. ఇక్కడ మొదటి చలికాలం గడుపుతున్న మనవాళ్ళందరికీ నేను ముందు చెప్పేది ఇదే, మీటర్ డిస్‌ప్లే (కరెంటు ఎంత కాలుతోందో చూపించే చిన్న తెర) డ్రాయర్‌లో పడేయకుండా వంటగదిలో ఎదురుగా పెట్టుకోండి. కెటిల్ పెట్టగానే అంకె ఎగిరిపోయేది. ఒక్క కప్పు టీకి కెటిల్ నిండా నీళ్ళు కాచేదాన్ని, ఆ రోజు నుంచి కావలసినంతే కాచడం మొదలుపెట్టాను. ఒక్కటి గమనించండి, గ్యాస్ అంకె అప్పటికప్పుడు మారదు, అరగంటకోసారి మారుతుంది.

తర్వాత బాయిలర్, అంటే గ్యాస్‌తో నీళ్ళు కాచి గదుల్లో గోడకుండే రేడియేటర్లలోకి పంపి ఇల్లు వేడి చేసేది. వంటగది అల్మారాలో తెల్ల డబ్బా, దానికి రెండు నాబ్‌లు, ఒకదానిమీద రేడియేటర్ బొమ్మ, ఇంకోదాని మీద కుళాయి బొమ్మ. రేడియేటర్‌ది పూర్తిగా చివరికి తిప్పి ఉంది, అంటే నీళ్ళు 75, 80 డిగ్రీలకి కాగి వెళ్తున్నాయి. ఇప్పటి బాయిలర్లు కండెన్సింగ్ రకం, పొగతో బయటికి పోయే ఆవిరిని మళ్ళీ నీళ్ళుగా మార్చి అందులో వేడి కూడా లాక్కుంటాయి, కానీ తిరిగొచ్చే నీళ్ళు 55 డిగ్రీల కంటే చల్లగా ఉంటేనే ఆ పని బాగా జరుగుతుంది. మేం 60కి దింపాం. రేడియేటర్ చెయ్యి పెడితే కాలేటట్టు లేదు, గది వెచ్చబడటానికి ఇంకో ఇరవై నిమిషాలు ఎక్కువ పట్టింది, అంతే తేడా. మాది ట్యాంకు లేని కాంబి బాయిలర్ కాబట్టి ఇబ్బంది లేదు, వేడినీళ్ళ ట్యాంకు ఉన్నవాళ్ళు ట్యాంకు నీళ్ళని మాత్రం 60కి కింద దింపకూడదు, లీజియోనెల్లా బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది.

ఇంకో సంగతి, హాల్లో రేడియేటర్ కింద వేడిగా పైన చల్లగా ఉండేది. లోపల గాలి చేరితే అలా అవుతుంది, చిన్న తాళంచెవి లాంటిది పెట్టి పక్కనున్న స్క్రూ కొంచెం తిప్పాలి, సుస్సుమని గాలి పోయి నీళ్ళ చుక్క రాగానే బిగించెయ్యాలి. మేం మూడు రేడియేటర్లకి చేశాం, సంతోషంగా పడుకున్నాం, పొద్దున లేచేసరికి బాయిలర్ ఆగిపోయి ఉంది, బయట మంచు! గాలి తీస్తే లోపల ప్రెషర్ పడిపోతుందని మాకు తెలీదు. ఇంటి ఓనర్‌కి ఫోన్ చేస్తే సాయంత్రం వరకు తియ్యలేదు. పక్కింటి పెద్దావిడ, గుజరాతీ ఆవిడ, యాభై ఏళ్ళ క్రితం ఉగాండా నుంచి వచ్చారట, బాయిలర్ కింద నల్ల కుళాయి చూపించి ప్రెషర్ చూపించే ముల్లు ఒకటికీ ఒకటిన్నరకీ మధ్యకి వచ్చేదాకా తిప్పమ్మా అని నేర్పించారు. రెండు నిమిషాల పని. గాలి తీశాక ముల్లు చూసుకోవాలని మీరూ గుర్తుపెట్టుకోండి.

డిసెంబర్ 7 నుంచి ఓ పదిరోజులు రాత్రిళ్ళు సున్నా కిందే. అప్పుడు గాలి ఎక్కడెక్కడ దూరుతోందో తెలిసింది. తడి చెయ్యి తలుపు అంచుల వెంట పెట్టి చూసుకుంటూ తిరిగాను, ఉత్తరాలు వేసే కన్నం దగ్గర, మెట్ల కింద అల్మారా దగ్గర, వాడని పొయ్యి గూడులోంచి (చలి కాచుకోడానికి గోడలో కట్టిన ఫైర్‌ప్లేస్) చల్లగా కొట్టేది. కన్నానికి బ్రష్ పట్టీ, తలుపు కింద పాత జీన్స్ కాలు కుట్టి అందులో చిరిగిన బట్టలు కుక్కి పెట్టాను, కిటికీలకి పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ టేపుతో అతికించి హెయిర్ డ్రయ్యర్‌తో బిగించాం. అన్నీ కలిపి 25 పౌండ్లు కూడా కాలేదు, మొత్తం చలికాలంలో పెట్టిన ఖర్చుల్లో దీనంత గిట్టుబాటైంది ఇంకోటి లేదని నా నమ్మకం. అయితే పొయ్యి గూడులో గ్యాస్ ఫైర్ (గ్యాస్‌తో మండే హీటర్) వాడుతుంటే మాత్రం దాన్ని మూయకండి, గాలి ఆడాలి.

ఇక్కడే మేం ఇంకో తప్పు చేశాం. గాలి రాకుండా అన్నీ మూసేసి, బట్టలు హాల్లో స్టాండు మీద ఆరేసి, పప్పు మూత పెట్టకుండా ఉడికించి, కిటికీ మాత్రం తియ్యలేదు. జనవరి మొదటివారంలో మంచం వెనక గోడ మూలన నల్లగా బూజు. బాబుకి దగ్గు. పది పౌండ్లకి తేమ చూపించే చిన్న మీటర్ తెచ్చి పెడితే 78 శాతం చూపించింది. అప్పట్నించి పొద్దున పది నిమిషాలు ఎదురెదురు కిటికీలు బార్లా తెరుస్తాం, వంట చేసినప్పుడు ఎగ్జాస్ట్, బట్టలు బాత్రూంలో తలుపేసి డీహ్యుమిడిఫయర్‌తో (గాలిలో తేమ లాగేసే మిషన్), అది 200 వాట్లే. మంచాన్ని గోడకి ఒక జానెడు దూరం జరిపాం. రెండు వారాల్లో 60 కిందికి దిగింది. పది నిమిషాలు కిటికీ తీస్తే వేడంతా పోతుందని భయపడకండి, గాలి మారుతుంది గానీ గోడల్లో వేడి అలాగే ఉంటుంది.

థర్మోస్టాట్ (ఇల్లు ఎన్ని డిగ్రీలు ఉండాలో పెట్టేది) 18 మీద పెట్టాం, బాబు ఉన్నాడు కాబట్టి అంతకంటే దింపడానికి నేను ఒప్పుకోలేదు. మిగతా వెచ్చదనం ఒంటిమీదే. లోపల థర్మల్స్, ఉన్ని సాక్సులు, చారిటీ షాపులో నాలుగు పౌండ్లకి మా ఆయనకి ఉన్ని స్వెటర్. కూర్చున్నప్పుడు కరెంటు దుప్పటి, 120 వాట్లు, గంటకి నాలుగు పెన్స్, ఆ హీటర్ 68 పెన్స్‌తో పోల్చండి. (చిన్నపిల్లలకి కరెంటు దుప్పటి వద్దు.) రాత్రి పడుకునే ముందు మంచంలో హాట్ వాటర్ బ్యాగ్. దాని రబ్బరు మీద పువ్వు బొమ్మ ఉంటుంది, మధ్యలో అంకె తయారైన సంవత్సరం, రేకులు నెలలు, పాతదైతే మార్చెయ్యాలి, మరుగుతున్న నీళ్ళు పొయ్యకూడదు. ఎవరో తెలిసినవాళ్ళు గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోమన్నారు, దయచేసి ఎవరూ చెయ్యొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. 2022 అక్టోబర్ 1 నుంచి ఇంగ్లండ్‌లో గ్యాస్ బాయిలర్ ఉన్న గదిలో దాన్ని పసిగట్టే అలారం పెట్టడం ఇంటి ఓనర్ బాధ్యత, లేకపోతే అడిగి పెట్టించుకోండి.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ ఆసరా అమ్మమ్మ బొంత. వచ్చేటప్పుడు లగేజీలో మూడు కేజీలు దానికే పోతోందని గోంగూర పచ్చడి డబ్బాలు రెండు తీసేశాం, అప్పుడు నాకు కోపం వచ్చింది కూడా. నాలుగు పాత నూలు చీరలు పొరలుగా వేసి, వేలెడు దూరంలో పెద్ద పెద్ద కుట్లు, అంచుల్లో అమ్మమ్మ ఎర్ర చీర బోర్డరు. పొరకీ పొరకీ మధ్య గాలి నిలుస్తుంది, అందుకే అంత వెచ్చన, కిటికీకి ఫిల్మ్ వేసింది కూడా గాలిని అలా పట్టి ఉంచడానికే కదా. బాబు దాన్ని మొహం దాకా లాక్కుని ముద్దగా పడుకునేవాడు, వాడి పాదాలు తడిమి చూస్తే వెచ్చగా ఉండేవి, ఆ రాత్రుల్లో నేను నిశ్చింతగా నిద్రపోయేదాన్ని.

జనవరి బిల్లు 167, ఆ నెల సాయం 67 పోగా సరిగ్గా 100. కరెంటు 420 యూనిట్ల నుంచి 190కి దిగింది. గ్యాస్ పెద్దగా తగ్గలేదు, 800 యూనిట్ల నుంచి 760కి, కానీ నవంబర్ కంటే జనవరి చలి ఎక్కువ, పైగా హీటర్ లేకుండా మొత్తం ఆ గ్యాస్ మీదే గడిపాం కాబట్టి నాకది తక్కువేం కాదనిపించింది. ఇవన్నీ చేసినా నెలాఖరుకి కష్టంగా ఉన్నవాళ్ళు సిగ్గుపడకండి, ఆ చలికాలం చాలా లైబ్రరీలు చలికి వచ్చి కూర్చోడానికి చోటిచ్చాయి, నేనూ బాబుని తీసుకుని వారానికి రెండు మధ్యాహ్నాలు వెళ్ళేదాన్ని, వాడికి బొమ్మల పుస్తకాలు, నాకు రేడియేటర్ పక్కన కుర్చీ.

అమ్మమ్మకి వీడియో కాల్‌లో బొంత చూపించి వాడు దీన్ని వదలట్లేదని చెప్తే, అయితే వాడి కొలతకి ఇంకోటి కుడతాను, నీ పెళ్ళికి పెట్టిన చీరల్లో ఏవి కట్టుకోకుండా ఉన్నాయో చెప్పు అంది. పసుపు చీర ఒకటి బీరువాలో ఉంది, అది తియ్యమని చెప్పాను.