సీసం డబ్బాలో నల్ల రాయి

"చూడరా, బ్లాక్ మార్కెట్లో యురేనియం!" అంటూ ఫ్రెండ్ ఫోన్ నా చేతిలో పెట్టాడు. వీడియోలో ఒకాయన ఉత్త చేతులతో సీసం డబ్బా మూత తీస్తున్నాడు. లోపల గుప్పెడంత నల్ల రాయి. కింద "బాంబుకు సరిపడా" అని రాశారు.

ఆ మాట దగ్గరే ఆగిపోయాను. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఒక బాంబుకు వేసుకునే లెక్క, బాగా శుద్ధి చేసిన, అంటే బాంబుకు పనికొచ్చే యురేనియం-235 అనే రకం వాటా పెంచిన యురేనియంలో, ఆ రకం 25 కిలోలు. గనిలో దొరికే యురేనియంలో ఆ రకం 0.7 శాతమే. ఎంత శుద్ధి చేశారో చెప్పకుండా ధర మాత్రం కోట్లలో చెబితే ఎలా నమ్మేది? "రెడ్ మెర్క్యురీ" అని లేని పదార్థాన్నే ఏళ్ల తరబడి అమ్మారు మరి.

అన్నీ అబద్ధాలని కొట్టిపారేయను. 1994లో జర్మనీలోని మ్యూనిక్ ఎయిర్‌పోర్టులో, అణుబాంబుల్లో వాడే ప్లుటోనియం 363 గ్రాములు నిజంగానే పట్టుబడింది. కానీ అక్కడ కొనేవాళ్లలా నటించింది పోలీసుల మనుషులే. ఈ విషయం నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది.

"ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఎవరికీ పంపకు" అన్నాను. అప్పటికే వాళ్లమ్మకు పంపేశాడు. పాపం, ఆవిడ టెన్షన్‌తో రెండుసార్లు ఫోన్ చేశారట.