సెలెక్ట్ కాలేదని చెప్పాల్సిన ఫోన్లు

కంపెనీలకి ఉద్యోగుల్ని వెతికిపెట్టే ఏజెన్సీలో పని చేస్తాను. మొన్న ఒకాయనతో ఇంటర్వ్యూ గురించి మాట్లాడుతుంటే మధ్యలో ఆగి, "ఇంతకీ మీకు ఎంత కట్టాలండీ?" అని అడిగారు. ఏమీ కట్టక్కర్లేదండీ అన్నా నమ్మలేదు. ఇంతకుముందు ఎవరో ఏజెంటు తీసుకున్నాడట. ఉద్యోగం వెతుక్కునేవాళ్ల దగ్గర నేరుగా గానీ పరోక్షంగా గానీ ఏజెన్సీలు ఫీజు తీసుకోకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒడంబడిక చెబుతుంది, మినహాయింపులు చాలా తక్కువ. ఎవరైనా రిజిస్ట్రేషన్ అనో ట్రైనింగ్ అనో డబ్బు అడిగితే దయచేసి ఫోన్ పెట్టేయండి.

మాకు డబ్బిచ్చేది కంపెనీ. ఎక్కువసార్లు మనిషి చేరాకే ఇస్తారు, మొదటి ఏడాది జీతంలో ఇంత శాతం అని. చేరినవాళ్లు 60 రోజుల్లోనో 90 రోజుల్లోనో మానేస్తే ఇంకొకరిని ఊరికే వెతికిపెట్టాలి, లేదంటే ఫీజు వెనక్కివ్వాలి. పైగా అదే ఉద్యోగానికి ఇంకో రెండు మూడు ఏజెన్సీలు పరిగెడుతుంటాయి, ఒకే మనిషి రెజ్యూమె రెండు చోట్ల నుంచి వెళ్తే సాధారణంగా ముందు పంపినవాళ్లదే లెక్క. అందుకే ఫోన్ ఎత్తగానే జీతం ఎంత, ఎంత అడుగుతున్నారు, నోటీసు ఎన్ని రోజులు అని గబగబా అడిగేస్తాం. అవతలివాళ్లకి అది ఎంత మొరటుగా ఉంటుందో నాకు తెలుసు.

వెతకడం అసలు నాకు చాలా ఇష్టమైన పని. ఒకే పనిని పది కంపెనీలు పది పేర్లతో పిలుస్తాయి, ఆ పేర్లన్నీ కలిపి వెతకాలి, లేకపోతే పని బాగా వచ్చిన మనిషి కూడా రెజ్యూమెలో ఒక మాట రాయలేదన్న పాపానికి కనపడకుండా పోతారు. అలాంటివాళ్లు దొరికిన రోజు ఇంటికి వెళ్లేటప్పుడు మనసు తేలిగ్గా ఉంటుంది.

ఆఫర్ లెటర్ వచ్చాక అయిపోయిందనుకోకూడదు. నోటీసు పీరియడ్ అంతా టెన్షనే. పాత కంపెనీ జీతం పెంచి ఆపేస్తుంది, లేదా చేరాల్సిన రోజు పొద్దున ఫోన్ స్విచ్ ఆఫ్ వస్తుంది. మొదట్లో కోపం వచ్చేది, ఇప్పుడు రాదు, ఎవరి ఇల్లు వాళ్లు చూసుకోవాలి కదా.

నాకు కష్టమైంది వేరే ఉంది. ఒకతను నాలుగు రౌండ్లు దాటాడు, మేనేజర్ కూడా నోటిమాటగా సరే అన్నారు, తర్వాత ఆ పోస్టు హోల్డ్‌లో పెట్టామని ఒక్క లైను మెయిల్ వచ్చింది. ఎలా చెప్పాలో తెలియక, మళ్లీ తెరుస్తారేమో అనే ఆశతో, నేను నాలుగు రోజులు ఫోన్ చేయలేదు. ఐదో రోజు అతనే చేశాడు. "రాకపోయినా పర్లేదండీ, ముందే చెప్పి ఉంటే ఇంకోచోట వచ్చిన ఆఫర్‌కి సరే అనేవాణ్ణి" అన్నాడు. తిట్టలేదు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, తప్పు నాదే.

అప్పటినుంచి ఇంటర్వ్యూ దాకా వెళ్లిన ఎవరికైనా ఫలితం తెలిసిన రోజే చెబుతున్నాను, మెసేజ్ పెట్టకుండా ఫోన్ చేసి. ఆ ఫోన్లకి టార్గెట్‌లో లెక్క ఉండదు, వాటి వల్ల రూపాయి రాదు. కంపెనీ "సెట్ కాలేదు" అని ఊరుకుంటే ఏది సెట్ కాలేదో చెప్పమని మళ్లీ అడుగుతాను. వాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ.

ఈరోజు అలాంటివి మూడున్నాయి. ఒకటి ఆరేళ్లు ఇంటిపట్టున ఉండి మళ్లీ ఉద్యోగానికి ప్రయత్నిస్తున్న ఆవిడకి. చివరి రౌండులో ఆవిడ జవాబుల్లో ఏం నచ్చిందో మేనేజర్ చేత రెండు వాక్యాలు రాయించుకున్నాను. ముందు ఫలితం చెప్పేసి, తర్వాత అవి చదివి వినిపిస్తాను.