బాస్కెట్‌బాల్ రిఫరీగా తప్పు విజిల్‌ను (పొరపాటున ఊదింది) సరిదిద్దుకోవడం: మూడు వారాల సాధన లాగ్

1వ వారం: చెయ్యి, చూపు

వయొలేషన్‌కి (ఫౌల్ కాని నియమ ఉల్లంఘన) తెరిచిన అరచెయ్యి, ఫౌల్‌కి పిడికిలి. చెయ్యి లేచాక, బంతి ఎటువైపో చూపించేముందు ఒక్క క్షణం ఆగాలి. ఈ వారమంతా దాని మీదే కసరత్తు. ఆ క్షణంలో తోటి రిఫరీ వైపు చూడాలి. దిశ చూపించేశాక మాట మార్చితే రెండు బెంచీలూ లేస్తాయి.

తోటి రిఫరీ పని సమాచారం ఇవ్వడం వరకే: "చివరగా తాకింది డిఫెండర్". ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల్లో ఒకరి నిర్ణయాన్ని మరొకరు కొట్టేసే అధికారం లేదు. విజిల్ ఊదినవారే మార్చుకోవాలి, అదీ త్రో-ఇన్‌కి (గీత బయటి నుంచి బంతి లోపలికి విసరడం) బంతి అందించేలోపు.

ఎక్కువగా తప్పేవి రెండు. ట్రావెలింగ్‌లో (బంతి పట్టుకుని అనుమతికి మించి అడుగులు వేయడం), పరుగులో బంతి అందుకున్నప్పటి అడుగును మొదటి అడుగుగా లెక్కేయడం; 2017 అక్టోబర్ 1 నుంచి ఆ తర్వాత మరో రెండు అడుగులు చెల్లుతాయి. బ్యాక్‌కోర్టులో (తమ బుట్ట ఉన్న సగం), డ్రిబుల్ చేస్తున్న ఆటగాడి రెండు పాదాలూ బంతీ మూడూ గీత దాటకముందే ఫ్రంట్‌కోర్టులోకి (ఎదుటి జట్టు సగం) వచ్చేశాడనుకోవడం.

2వ వారం: బంతి ఎవరికి?

అన్నిటికన్నా కష్టం ఇదే. విజిల్ తప్పని తేలాక అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: విజిల్ మోగినప్పుడు బంతి ఏ జట్టు అదుపులో ఉంది? ఆ జట్టుకే, ఆట ఆగిన చోటికి దగ్గర్లో త్రో-ఇన్. బుట్ట ఉన్న బోర్డుకి నేరుగా వెనక మాత్రం ఇవ్వకూడదు. బంతి చేజారి దొర్లుతున్నా అదుపు పోయినట్టు కాదు. ఎదుటి జట్టు పట్టుకునేదాకా, లేదా షాట్‌కి బంతి చెయ్యి వదిలేదాకా అదుపు పాత జట్టుదే. దొర్లే బంతి కనబడగానే బాణం (వంతులవారీగా బంతి ఏ జట్టుకో చూపేది) వైపు చూడటం ఇక్కడ మళ్లీమళ్లీ దొర్లే తప్పు. రీబౌండ్ (షాట్ తప్పాక తిరిగొచ్చిన బంతి) కోసం పోటీ నడుస్తుంటే మాత్రం ఎవరి అదుపూ లేదు, అప్పుడే బాణం.

షాట్ గాల్లో ఉండగా విజిల్ మోగితే బంతి డెడ్ కాదు (ఆట ఆగినట్టు కాదు), బుట్టలో పడితే పాయింట్లు ఇవ్వాలి. బంతి చెయ్యి వదలకముందే మోగితే, విజిల్ తప్పైనా ఆ బుట్ట చెల్లదు. ఆటగాళ్లకి ఇది చేదుగా ఉంటుంది, కానీ వేరే దారి లేదు.

3వ వారం: షాట్ క్లాక్

షాట్ క్లాక్ అంటే దాడి చేసే జట్టు షాట్ వేయడానికి మిగిలిన సెకన్లు చూపే గడియారం. విజిల్ వినగానే దాని ఆపరేటర్ రీసెట్ నొక్కితే పాత అంకె పోతుంది. దిశ చూపేదాకా బటన్ ముట్టొద్దనీ, ఆగిన అంకె పైకి చదవమనీ ముందే చెప్పాలి. బ్యాక్‌కోర్టు త్రో-ఇన్ అయితే 24. ఫ్రంట్‌కోర్టులో 14 లేదా ఎక్కువ ఉంటే అదే కొనసాగుతుంది, 13 లేదా తక్కువైతే 14. రీసెట్ ఎదుటి జట్టుకి నష్టమైతే మాత్రం ఆగిన అంకే. 4 సెకన్లు మిగిలిన దాడికి మరో 10 ఎందుకివ్వాలి?

ఇద్దరు కోచ్‌లకీ ఒకే వాక్యం: "విజిల్ పొరపాటు, బంతి తెల్ల జట్టుకే, షాట్ క్లాక్ 4." అంతకుమించి వివరణ వద్దు. వచ్చే వారం ఇదంతా ముగ్గురు రిఫరీలతో.