మరుగుజ్జు గ్రహాల వేట: 2025–27 పరిశీలన చిట్టా

సెరిస్, ప్లూటో, హౌమియా, మేక్‌మేక్, ఈరిస్. ఈ ఐదింటిలో దేన్ని ఎప్పుడు చూడాలని అడిగితే వెంటనే వచ్చే జవాబు ఆపోజిషన్ తేదీ, అంటే ఆ గ్రహం సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చే రోజు. ఆ రోజు సూర్యాస్తమయానికి ఉదయించి, అర్ధరాత్రికి నడిమింటికి (ఆ రాత్రి తనకు అందే అత్యధిక ఎత్తుకు) చేరుతుంది, మనకు దగ్గరగా కూడా ఉంటుంది. సెరిస్ విషయంలో ఈ జవాబు చాలావరకు సరిపోతుంది. మిగతా నాలుగింటికి మాత్రం తేదీ కన్నా ఎత్తు, అమావాస్య, వానాకాలం ఎక్కువ లెక్కలోకి వస్తాయి. ఈ చిట్టా అంతా ఆ లెక్కల మీదే నడుస్తోంది.

2025 అక్టోబరు: సెరిస్ (పూర్తయింది)

ఆపోజిషన్ అక్టోబరు 2న, సీటస్ నక్షత్ర మండలంలో, మాగ్నిట్యూడ్ (ప్రకాశం కొలత, అంకె పెరిగినకొద్దీ మసక) 7.6. ఆ రాత్రి చూడకపోవడమే మంచిదైంది. పౌర్ణమి 7న కాబట్టి చంద్రుడు అప్పటికే బాగా పెరిగి, సీటస్ వైపే జరుగుతున్నాడు. 14 నుంచి 24 వరకు, అంటే దీపావళి అమావాస్యకు అటూ ఇటూ, సెరిస్ పావు మాగ్నిట్యూడ్ మేర తగ్గినా ఆకాశం నల్లబడినందువల్ల 10×50 బైనాక్యులర్స్‌లో తేలిగ్గా దొరికే స్థితి. దీపావళి రాత్రిని, మర్నాటి రాత్రిని మాత్రం వదిలేయాలి. టపాసుల పొగ కిందికి దిగి, ఊళ్ల చుట్టుపక్కల చాలాసేపు నిలిచిపోతుంది.

గుర్తుపట్టే పద్ధతి ఇది. సెరిస్ నక్షత్రంలాగే చుక్కగా కనిపిస్తుంది, ఎంత మాగ్నిఫికేషన్ పెట్టినా బిళ్లలా మారదు. అందుకే కదలికే సాక్ష్యం. ఆపోజిషన్ దగ్గర రోజుకు 12, 13 ఆర్క్‌మినిట్లు (ఒక్కొక్కటి డిగ్రీలో 60వ వంతు) పడమరకు జరుగుతుంది, అంటే నిండు చంద్రుడి వెడల్పులో సగం కన్నా కాస్త తక్కువ. తెల్లకాగితం మీద మాగ్నిట్యూడ్ 8.5 దాకా ఉన్న 10–12 నక్షత్రాలను గుర్తించుకుని, రెండు రాత్రుల తర్వాత అదే చోటు మళ్లీ గీయాలి. జరిగినది సెరిస్. బైనాక్యులర్స్‌ని ట్రైపాడ్‌కి బిగించకపోతే గీత కుదరదు. చేత్తో పట్టుకుంటే 7.6 చుక్క వణుకులోనే పోతుంది.

సెరిస్ ఆపోజిషన్లు సగటున 467 రోజులకోసారి వస్తాయి కాబట్టి ప్రతిసారీ కాలం మారుతుంది: 2023 మార్చి, 2024 జూలై, 2025 అక్టోబరు, తర్వాత 2027 జనవరి. జూలైలో పడితే వానల వల్ల మన దగ్గర దాదాపు పోయినట్టే.

ప్లూటో (సగంలో ఉంది)

2025లో జూలై 25, 2026లో జూలై 27. ఏటా ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతుంది. అంటే ఇంకా చాలా ఏళ్లు నైరుతి రుతుపవనాల నడుమే. దీనికి నిరుత్సాహపడక్కర్లేదు, ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. ఆపోజిషన్‌లో ప్లూటో మనకు సుమారు 34 ఖగోళ యూనిట్ల దూరం (భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం ఒక యూనిట్), సూర్యుడికి అవతలి వైపు ఉన్నప్పుడు 36. ఈ రెండింటి మధ్య ప్రకాశంలో తేడా 0.12 మాగ్నిట్యూడ్ మాత్రమే. అదే చుక్క 50 డిగ్రీల ఎత్తు నుంచి 20 డిగ్రీలకు దిగితే, శుభ్రమైన గాలిలోనే 0.4 దాకా పోతుంది, కోస్తా తేమలో 0.6 కూడా పోవచ్చు. కాబట్టి ప్లూటోకి తేదీ కాదు, ఎత్తు ముఖ్యం.

ఆ ఎత్తు మనకు పుష్కలంగా ఉంది. ప్లూటో డిక్లినేషన్ (ఖగోళ మధ్యరేఖ నుంచి ఉత్తరానికో దక్షిణానికో ఉన్న కోణం) ఇప్పుడు దాదాపు మైనస్ 23, అంటే దక్షిణాన 23 డిగ్రీలు. హైదరాబాద్‌లో నడిమింట ఉన్నప్పుడు సుమారు 50 డిగ్రీల ఎత్తు, నెల్లూరు వైపు ఇంకా రెండు మూడు డిగ్రీలు ఎక్కువ. డాలస్‌లో ఉన్న మనవాళ్లకు 34, న్యూజెర్సీలో 26, లండన్‌లో 15 చిల్లర. డాలస్‌లో వానాకాలం బెడద లేదు కాబట్టి అక్కడివాళ్లు జూలై, ఆగస్టు అమావాస్యలనే వాడుకోవచ్చు. ఇక్కడ సరైన కాలం సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకా, ఉత్తరాన గాలి తిరిగి వానలు తెరిపిచ్చిన రాత్రులు. అక్టోబరు 10 ప్రాంతంలో హైదరాబాద్‌లో రాత్రి ఏడుంపావుకే, పూర్తిగా చీకటి పడేసరికే, ప్లూటో నడిమింట ఉంటుంది. తొమ్మిది దాకా 40 డిగ్రీల పైనే. 2026లో అక్టోబరు 10నే అమావాస్య, ఇంతకన్నా బాగా కుదరడం అరుదు.

పరికరం: 10 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు కనీసం. మాగ్నిట్యూడ్ 14.4 అంటే 8 అంగుళాలకు అంచు దాటినట్టే. 1250 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్‌కి 6 మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) పెడితే సుమారు 208 రెట్లు. తక్కువ మాగ్నిఫికేషన్‌లో ఆకాశపు నేపథ్యం తెల్లగా ఉండి చుక్క మునిగిపోతుంది. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 40 నిమిషాలు ఇవ్వాలి, మధ్యలో ఫోన్ తెర వెలిగితే మళ్లీ మొదటికే. ప్లూటోని నేరుగా కాదు, ఓరచూపుతో చూడాలి.

ఇప్పటిదాకా ప్లూటో దొరకకపోవడానికి బయటపడిన కారణాలు:

మొదటిది, ఎపోక్, అంటే స్థానాలు ఏ ఏటి లెక్కలో ఇచ్చారన్నది. అట్లాస్ జే2000లో (2000 సంవత్సరపు లెక్కలో), సాఫ్ట్‌వేర్ ఆ రోజు కోఆర్డినేట్లలో ఉంటే తేడా ఇప్పటికి 22 ఆర్క్‌మినిట్లు. 208 రెట్లలో కనిపించే ఆకాశమే 17 ఆర్క్‌మినిట్లు. అంటే ప్లూటో లేని చోట గంటసేపు వెతుకుతారు. హొరైజన్స్ (నాసా జేపీఎల్ వారి ఆన్‌లైన్ స్థానాల లెక్క) నుంచి స్థానాలు తీసుకునేటప్పుడు ఆస్ట్రోమెట్రిక్ వరుసనే తీసుకోవాలి, చార్టు కూడా జే2000లోనే గీయాలి.

రెండోది, సమయం. యూటీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) ఐదున్నర గంటలు కలపడం మరిచిపోతే ప్లూటోకి పెద్దగా నష్టం లేదు, 20 ఆర్క్‌సెకండ్లు (ఒక్కొక్కటి ఆర్క్‌మినిట్‌లో 60వ వంతు). సెరిస్‌కి దాదాపు మూడు ఆర్క్‌మినిట్లు తప్పిపోతుంది.

మూడోది, ఆకాశం హద్దు చూసుకోకపోవడం. ముందు చార్టులో ప్లూటో పక్కనున్న 14.4 మాగ్నిట్యూడ్ నక్షత్రం కనిపిస్తుందో లేదో పరీక్షించాలి. అది కనిపించకపోతే ఆ రాత్రికి ప్లూటో ప్రయత్నం మానేసి, వేరేవి చూసుకోవడం మేలు.

ప్లూటో రోజుకు ఒకటిన్నర ఆర్క్‌మినిట్ కూడా జరగదు (అక్టోబరులో ఇంకా నెమ్మది, ఒక చోట నిలిచినట్టే ఉంటుంది). కాబట్టి అక్టోబరులో నిర్ధారణకు రెండు పరిశీలనల మధ్య కనీసం వారం వదలాలి. ఒక మంచి మార్పు ఏమిటంటే, ఏళ్ల తరబడి ధనుస్సులోని పాలపుంత గుంపులో ఉన్న ప్లూటో ఇప్పుడు మకరంలోకి వచ్చింది. పక్కన పోల్చి తికమకపడే చుక్కలు తగ్గాయి. కానీ 1989లో సూర్యుడికి దగ్గరగా వచ్చిన తర్వాత ఏటా దూరమవుతూనే ఉంది, వాయిదా వేసినకొద్దీ కష్టం.

2026 మార్చి–ఏప్రిల్: మేక్‌మేక్, హౌమియా (కెమెరాతో)

ఈ రెండూ మన వాతావరణానికి అచ్చొచ్చినవి. మేక్‌మేక్ ఆపోజిషన్ మార్చి చివర, కోమా బెరెనిసెస్‌లో. హౌమియా ఏప్రిల్ రెండో సగంలో, బూటెస్‌లో. రెండూ అర్ధరాత్రికి దాదాపు నడినెత్తికి వస్తాయి. మాగ్నిట్యూడ్ 17 పైచిలుకు కాబట్టి కంటికి అందవు. మార్చి 19 ఉగాది, ఏప్రిల్ 17 అమావాస్య, ఈ రెండింటి చుట్టూ నాలుగేసి రాత్రులు కేటాయింపు.

పద్ధతి: 8 అంగుళాల ఎఫ్5 (అద్దం వెడల్పుకు ఐదు రెట్ల ఫోకల్ లెంగ్త్) న్యూటోనియన్ టెలిస్కోపు, 3.76 మైక్రాన్ల పిక్సెల్ కెమెరా. పిక్సెల్‌కి సుమారు 0.78 ఆర్క్‌సెకండ్. 60 సెకండ్ల ఫ్రేములు 40. మర్నాడు అదే చోట మళ్లీ 40. ఏ రాత్రి ఫ్రేములను ఆ రాత్రికి కలిపి చేసిన రెండు స్టాక్‌లను మార్చి మార్చి చూస్తే ఒక చుక్క ఆర్క్‌మినిట్ మేర దూకుతుంది. ఎండాకాలం ఇబ్బంది ఫోకస్‌ది. సాయంత్రం కాలిన ట్యూబు రాత్రి చల్లారేకొద్దీ ఫోకస్ జారుతుంది, గంటకోసారి సరిచూడాలి. కూలింగ్ లేని కెమెరాలో నాయిస్ కూడా పెరుగుతుంది కాబట్టి డార్క్ ఫ్రేములు (మూత పెట్టి తీసేవి, నాయిస్ తీసేయడానికి) అదే రాత్రి తీయాలి.

హౌమియాతో అదనపు పని ఒకటి ఉంది. అది 3.9 గంటలకోసారి తన చుట్టూ తిరుగుతుంది, కోలగా ఉన్నందున వెలుగు పావు మాగ్నిట్యూడ్ మేర ఎక్కి దిగుతుంది. ఐదు నిమిషాలకో స్టాక్ చొప్పున నాలుగు గంటలు తీస్తే ఆ లయ గీతగా వచ్చే వీలుంది.

ఈరిస్, తర్వాత 2027 సెరిస్ (మిగిలినవి)

ఈరిస్ ఆపోజిషన్ ఏటా అక్టోబరు మూడో వారంలో, సీటస్‌లో, మాగ్నిట్యూడ్ 18.7. గంటకు ఒకటిన్నర ఆర్క్‌సెకండ్లే కదులుతుంది కాబట్టి రెండు గంటల ఫ్రేములను నక్షత్రాల మీదే స్టాక్ చేసినా గీతలా సాగదు. తుపానుల కాలం గనుక వరుసగా రెండు తెరిపి రాత్రులు దొరకడమే అసలు పరీక్ష. ఒక్క రాత్రి చిత్రంతో నిర్ధారణ రాసుకోకూడదు.

2027 జనవరి సెరిస్ మాత్రం వదలకూడనిది. మిథునం వైపు, ఆకాశంలో బాగా ఎత్తున, మాగ్నిట్యూడ్ 7 లోపు. అమావాస్య 7, 8 తేదీల్లో. భోగి మంటల పొగ మొదలయ్యే ముందటి వారమే వాడుకోవాలి. మంచుకి లెన్సు తడవకుండా అట్టతో ఆరు అంగుళాల గొట్టం చేసి తొడగడం ఇప్పటి నుంచే సిద్ధం.